పెన్సిల్ గంటలు

మా చిట్టినగర్ మస్టర్ ఆఫీసులో
గంటల్ని ముందు పెన్సిల్‌తోనే రాస్తాం.
సాయంత్రం సార్ చూసి ఊఁ అన్నాక
వాటి మీదికి సిరా ఎక్కుతుంది.
ఈలోపు రబ్బరుంటుంది.
పదకొండేళ్ళుగా అది నా చేతిలోనే ఉంది.

తెల్లారుజామున నాలుగుంబావు.
కండ్రిక నుంచి షేర్ ఆటోలో తొమ్మిదిమంది,
మనిషికి పాతిక,
ఒక కాలు లోపల, ఒక కాలు గాలిలో.
బుడమేరు దాటేసరికి
నాంచారమ్మ కొంగుముడిలో
తిరుగు ఆటోకి సరిపడా మిగిలింది.
రాత్రి ఫోనొచ్చింది, పొద్దున్నే కాలవ పూడిక, రమ్మని.
రమ్మన్నవాళ్ళు
ఎప్పుడు పొమ్మంటారో చెప్పరు.

ఇవాళ గంటా పది నిమిషాలకి
వానొచ్చింది.
తీసి గట్టున పోసిన నల్లటి కుప్పలు
మళ్ళీ కాలవలోకే జారిపోతున్నాయి,
పాల ప్యాకెట్లు, కొబ్బరిపీచు, ఎవరిదో ఒంటి చెప్పు.
"ఇక చాలు, పొండి" అన్నాడు మేస్త్రి ఏసుపాదం
తనూ తడుస్తూనే.

కొత్త సర్క్యులర్ గోడకంటించింది నేనే.
మైదా జిగురింకా గోళ్ళలో ఉంది.
పిలిస్తే కనీసం మూడు గంటల కూలి, అంది మొదటి పేరా.
చదివి వినిపిస్తే బాజీబీ చప్పట్లు కొట్టింది.
రెండో పేరా చిన్న అక్షరాలు:
కార్మికుల ఇష్టపూర్వక అంగీకారంతో
సదరు గంటలను సౌలభ్యం మేరకు సడలించవచ్చును.
సౌలభ్యం.
ఎంత మెత్తని మాట,
నానిన అటుకుల్లా నమలకుండానే దిగిపోతుంది.
ఎవరి సౌలభ్యమో రాయలేదు.
సడలించేదెవరో రాయలేదు.
కర్త లేని వాక్యం రాస్తే
మా తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టేవారు.

సార్ ఫోన్లో అన్నారు:
"ఒకటింబావు వేసెయ్.
ఇష్టపూర్వకంగా అని రాసి వేలిముద్రలు తీసుకో."

స్టాంపు ప్యాడ్ తెరిచాను.
వరసగా వచ్చారు.
నీళ్ళకి ఉబ్బిన వేళ్ళు, ముద్ర సరిగా పడదు,
గీతలన్నీ కాలవలోనే వదిలేసి వచ్చినట్టు
ఉత్త ఊదా మరకలు.
ఎనిమిది మరకలు.

"ఇష్టమని ఎక్కడ రాశావు బాబూ?"
చూపించాను.
పుచ్చో మంచిదో వంకాయని నొక్కి చూసినట్టు
నాంచారమ్మ ఆ మాటని వేలితో నొక్కి చూసింది.
"ఇది నాది కాదు" అంది.

గొడవేం చెయ్యలేదు.
గుమ్మం పక్కన రేకు కింద కూర్చుంది.
"మూడు గంటలన్నారుగా. ఎనిమిదిదాకా ఉంటా.
పనుంటే చెప్పండి."
చీపురు విప్పి, పుల్లలు సరిచేసి, బిగించి కట్టింది.
నా కిటికీ కింద ఎన్నాళ్ళదో చెత్త
ఎవరూ చెప్పకుండానే ఊడ్చింది.
తర్వాత ఊరికే కూర్చుంది.
ఊరికే కూర్చోవడం ఎంత బరువైన పనో
గడియారం వైపు చూస్తున్న నాకే తెలిసింది.

నా సంగతి చెప్పలేదు కదూ.
నేనూ రోజుకూలీనే.
వీళ్ళ హాజరు ఐదుకి మొదలవ్వాలంటే
నేను నాలుగున్నరకే తాళం తియ్యాలి.
ఆ అరగంట ఏ గడిలోనూ పట్టదు.
నా పేరుకెదురుగా గంటలేసేది కూడా నేనే.
ఇష్టపూర్వకంగా.

ఎనిమిదైంది.
లేచి, కొంగు పిండుకుని,
"రాయి" అంది.
పెన్సిల్ కోసం తడుముకున్నాను.
"పెన్ను లేదా?"

ఉంది.
మూడు అని రాశాను.
చెమ్మెక్కిన కాగితం మీద నీలం సిరా
కొంచెం పాకింది,
కింద బాజీబీ గడిలోకి.
సాయంత్రం సార్ వస్తారు.
రబ్బరుతో పోదని ఆయనకీ తెలుసు.
బ్లేడు తెమ్మంటారేమో.
గీకితే చిరిగేంత పల్చటి కాగితం ఇది.

బయట ఆటోవాడు బేరం లేక పిలుస్తున్నాడు.
ఆవిడ వినిపించుకోకుండా
పాల ఫ్యాక్టరీ వైపు నడుస్తోంది,
కొంగుముడి గుప్పిట్లో పట్టుకుని,
చీపురు నెత్తిన అడ్డం పెట్టుకుని.